ఆయాసం ఉన్న ఇంటికి చేతిలో ఇమిడే పరికరం: వేపరైజరా, నెబులైజరా, స్పేసరా?

మీరు ఒడిశాలోని గుణుపురం నుంచి అడిగిన ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటే ఇది. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి దగ్గర గడిపిన మీ అమ్మగారికి ఆయాసం ఉంది, నాలుగేళ్ల బాబుకు చలికాలం రాగానే పిల్లికూతలు మొదలవుతున్నాయి, తరచుగా రైలెక్కి విశాఖ వెళ్లి రావలసి వస్తోంది. అందుకని ఎండబెట్టిన తులసి, అడ్డసరం ఆకులనూ, నీలగిరి తైలం వంటి గాఢ తైలాలనూ ఒకే దానిలో వేసి పీల్చడానికి వీలున్న బ్యాటరీ వేపరైజర్ ఒకటి ఆన్‌లైన్‌లో చూశారు. వాటిలో ఏ రకం మేలని అడుగుతున్నారు. పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల్లో ఊపిరితిత్తుల జబ్బులున్న వారికి ఇన్‌హేలర్లు, నెబులైజర్లు వాడే తీరు నేర్పించే పనిలో చాలా కాలంగా ఉన్నవాడిగా నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఆ జాతి పరికరం ఏదీ మీ ఇంటికి వద్దు. మీకు ముందుగా కావలసింది ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్, ఆ తరువాత వైద్యుడు అవసరమంటే నెబులైజర్, అంటే ద్రవ మందును తుంపరగా మార్చి పీల్పించే యంత్రం. ఎందుకో తెలియాలంటే మీరు చూసిన పరికరం ఎలా పనిచేస్తుందో ముందు తెలుసుకోవాలి.

ఎండాకు వేపరైజర్‌లో బొటనవేలి గోరంత చిన్న పొయ్యి ఉంటుంది. అందులో పొడిచేసిన ఆకు వేసి మీట నొక్కితే, ఒక రకంలో పొయ్యి గోడలే కాలి ఆకును వేడిచేస్తాయి, మరో రకంలో వేడిగాలి ఆకు గుండా ప్రవహిస్తుంది. గోడ తగిలి వేడెక్కే రకంలో అంచునున్న ఆకు మాడి మధ్యలోది పచ్చిగానే మిగులుతుంది కాబట్టి మధ్యమధ్య కదపాలి. వేడిగాలి రకం సమంగా పనిచేస్తుంది గానీ ఖరీదూ ఎక్కువ, బ్యాటరీ తిండీ ఎక్కువ. సాధారణంగా 160 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ మధ్య వీటిని నడుపుతారు. ఆకు అంటుకోకుండా అందులోని ఆవిరయ్యే పదార్థాలను మాత్రమే లేపడం దీని ఉద్దేశం. మైనం, జిగురు, నూనె రూపంలో ఉండే గాఢ పదార్థాలకైతే విడిగా చిన్న గిన్నె గాని, పీల్చుకునే దూది వంటి బిళ్ల గాని ఇస్తారు. రెండింటికీ పనికొస్తుందని అమ్మే పరికరాల్లో చాలావరకు ఒకదానికి బాగా, రెండోదానికి అంతంతమాత్రంగా పనిచేస్తాయి, ఎందుకంటే ఆకుకు కావలసిన పొయ్యి తీరు వేరు, జిగురుకు కావలసిన తీరు వేరు. అసలు ఈ పరికరాలు రూపుదిద్దుకున్నది ప్రధానంగా గంజాయి కోసం. 2018లో దాన్ని చట్టబద్ధం చేసిన కెనడా వంటి దేశాల్లో వీటికి పెద్ద విపణి ఉంది. తులసి కోసమో, అడ్డసరం కోసమో వీటిని ఎవరూ తయారు చేయలేదు, ఉబ్బసం తగ్గించడానికి అంతకన్నా కాదు.

ఇప్పుడు మీరు వేయాలనుకుంటున్న ఆకుల సంగతి చూద్దాం. నీలగిరి తైలంలో ముఖ్యమైన సినియోల్ 176 డిగ్రీల దగ్గర మరుగుతుంది, తులసిలోని యూజినాల్ 254 దగ్గర. మరుగు ఉష్ణోగ్రతకు చేరకముందే ఇవి కొంతకొంతగా ఆవిరవుతాయన్నది నిజమే. కానీ ఎండాకును ఆ వేడికి తీసుకుపోయినప్పుడు ఆ సుగంధంతో పాటు ఆకు సగం మాడిన వాసన, కంటికి కనిపించనంత సన్నని నుసి, ఇంకా గొంతును మండించే వాయువులు కూడా బయలుదేరతాయి. ఆరోగ్యంగా ఉన్నవాడికి అది కాసేపు దగ్గు. పొగకు ముడుచుకుపోవడం అలవాటైన శ్వాసనాళాలున్న మీ అమ్మగారికైతే కట్టెల పొయ్యిని జేబులో పెట్టి ఇచ్చినట్టే. ఇక అడ్డసరం విషయం వేరు. ఆ ఆకులోని వాసిసిన్ అనే క్షారపదార్థం ఆధారంగానే కఫాన్ని పలచబరిచే బ్రోమ్‌హెక్సిన్ అనే మందు తయారైంది, దాని నుంచి వచ్చినదే అంబ్రాక్సాల్. అంటే మన పెద్దల నమ్మకానికి గట్టి ఆధారమే ఉంది. అయితే ఆ గుణం నీటిలో కాచిన కషాయంగానో, సిరప్‌గానో కడుపులోకి వెళ్లి పనిచేయవలసినది. వేడిచేసి పీల్చవలసినది కాదు. గర్భిణులు మాత్రం అడ్డసరాన్ని కషాయంగా కూడా తీసుకోకూడదు, ఎందుకంటే అది గర్భాశయాన్ని సంకోచింపజేస్తుంది. ఇంట్లో అలాంటివారు ఎవరైనా ఉంటే ఈ మాట గుర్తుంచుకోండి.

తైలాల విషయంలో నేను ఇంకా గట్టిగా చెప్పవలసి ఉంది. నూనె ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. ముక్కు దగ్గర పీల్చిన వాసన వేరు, సన్నని తుంపరగా లోపలి గాలిసంచుల దాకా చేరిన నూనె వేరు. లోపలికి చేరిన నూనెను శరీరం బయటకు పంపలేదు, అది అక్కడే ఉండి వాపు తెస్తుంది, దాన్ని లిపాయిడ్ న్యుమోనియా అంటారు. అమెరికాలో 2019లో ఇ-సిగరెట్ల వంటి వేపింగ్ పరికరాలు వాడిన యువకులు ఒక్కసారిగా ఊపిరాడక ఆసుపత్రుల్లో చేరడం మొదలైంది. 2020 ఫిబ్రవరి నాటికి అలా చేరినవారు, మరణించినవారు కలిపి 2,807 మంది. అందులో 68 మంది చనిపోయారు. గంజాయి గాఢ తైలాన్ని పలచబరచడానికి కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ అనే నూనె పదార్థం ప్రధాన కారణమని తేలింది. పరీక్షించిన 51 మంది రోగుల్లో 48 మంది ఊపిరితిత్తుల ద్రవంలో అది కనిపించింది. విటమిన్ ఇ మింగితే హాని లేదు, ఒంటికి రాసుకున్నా లేదు. అదే పదార్థం వేడెక్కి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం తీసింది. తినడానికి మంచిదైనదల్లా పీల్చడానికి మంచిదనుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి. నీలగిరి తైలం, కర్పూరం పొరపాటున పిల్లల కడుపులోకి పోతే కొద్దిపాటికే మూర్ఛలు వస్తాయి. కాబట్టి ఆ సీసాలు బాబుకు అందే చోట ఉంచనే వద్దు.

చట్టం మాట కూడా చెప్పాలి. 2019లో కేంద్రం తెచ్చిన ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టంలో నిర్వచనం చాలా విశాలమైనది. నికోటిన్ ఉన్నా లేకపోయినా, ఏదైనా పదార్థాన్ని వేడిచేసి పీల్చడానికి తుంపరగా మార్చే ఎలక్ట్రానిక్ పరికరం, ఏ పేరుతో ఏ ఆకారంలో ఉన్నా, దాని కిందికి వస్తుంది. ఔషధాల చట్టం కింద లైసెన్స్ పొందిన ఉత్పత్తులకు మాత్రమే మినహాయింపు ఉంది. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారికి ఏడాది వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. నిల్వ ఉంచడానికి విడిగా శిక్ష ఉంది. మీరు ఆన్‌లైన్‌లో చూసిన ఎండాకు వేపరైజర్‌ను అమ్ముతున్నవాడు మీకు ఏ హామీ ఇచ్చినా, నా అవగాహనలో అది ఈ నిర్వచనం నుంచి తప్పించుకోదు. పైగా గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల నుంచి ఆంధ్ర వైపు పోయే బస్సుల్లో, రైళ్లలో గంజాయి కోసం సోదాలు జరుగుతూనే ఉంటాయి. సంచిలో పచ్చటి పొడి, దాన్ని కాల్చే పరికరం పెట్టుకొని సరిహద్దు దాటడం, అది నిజంగా తులసే అయినా, పసివాణ్ణి వెంట పెట్టుకుని ప్రయాణించే కుటుంబానికి అవసరం లేని చిక్కు.

మామూలుగా గిన్నెలో నీళ్లు కాచి ఆవిరి పట్టే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. పెద్దలకు ముక్కు దిబ్బడ వేసినప్పుడు హాయిగా ఉంటుంది. ఆ ఆవిరి ముక్కు, గొంతు దగ్గరే నీరుగా మారిపోతుంది గనుక ఆయాసానికి మందు కాదు. చిన్నపిల్లలకు పెట్టవద్దు, మరుగుతున్న గిన్నె ఒళ్లో ఒలికి కాలిన పిల్లలను ఆసుపత్రుల్లో చూస్తూనే ఉంటాము.

ఊపిరితిత్తుల్లో మందు పనిచేయాలంటే రెండు షరతులున్నాయి. అది అక్కడ పనిచేసే మందై ఉండాలి, దాని తుంపర 1 నుంచి 5 మైక్రాన్ల మధ్య ఉండాలి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అంతకన్నా పెద్ద తుంపర గొంతులోనే ఆగిపోతుంది, మరీ సన్ననిది ఊపిరితో పాటే బయటకు వచ్చేస్తుంది. ఈ రెండు షరతులనూ తక్కువ ఖర్చుతో, కరెంటు లేకుండా, వేడి లేకుండా నెరవేర్చేది ఇన్‌హేలర్, స్పేసర్ జత. స్పేసర్ అంటే ఇన్‌హేలర్‌కు, నోటికి మధ్య పెట్టే ప్లాస్టిక్ గొట్టం. ఇన్‌హేలర్ నుంచి వేగంగా దూకే మందు అందులో నెమ్మదిస్తుంది, పెద్ద తుంపర గోడలకు అంటుకుంటుంది, సన్నది ఊపిరితో లోపలికి పోతుంది. ఉబ్బసం తీవ్రమైనప్పుడు సైతం, ప్రాణాపాయ స్థితి మినహా, సరైన మోతాదులో స్పేసర్‌తో ఇచ్చిన సాల్బుటమాల్ (శ్వాసనాళాలను త్వరగా వదులు చేసే మందు) నెబులైజర్‌తో సమానంగా పనిచేస్తుందని పరిశోధనలు తేల్చాయి. అయినా మన వైపు ఇళ్లలో నెబులైజరే పెద్ద మందని, ఇన్‌హేలర్ అలవాటైపోతుందని ఒక గట్టి అభిప్రాయం ఉంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ అభిప్రాయమే, ఎందుకంటే కొన్ని వందల రూపాయల స్పేసర్‌తో తీరే పనికి రోగులు రాత్రిపూట బండి మాట్లాడుకొని ఆసుపత్రికి పరుగెత్తవలసి వస్తోంది.

మీ బాబుకు నాలుగేళ్లు కాబట్టి మాస్కు ఉన్న చిన్న స్పేసర్ తీసుకోండి. మాస్కు ముక్కును, నోటిని కలిపి మూయాలి, బుగ్గకు ఎక్కడా సందు ఉండకూడదు. ఇన్‌హేలర్‌ను బాగా కుదిపి, ఒక్కసారి మాత్రమే నొక్కి, బాబు ఐదారు ఊపిరులు తీసుకునే వరకు మాస్కు కదపకుండా పట్టుకోవాలి. రెండో మోతాదుకు మళ్లీ కుదపాలి. రెండు మూడు సార్లు వరుసగా నొక్కి ఒకేసారి పీల్పించడం చాలామంది చేసే పని, దానివల్ల మందులో చాలా భాగం గొట్టం గోడలకే పోతుంది. ఏడుస్తున్న బిడ్డకు మందు సరిగా అందదు, కాబట్టి మామూలు రోజుల్లోనే ఆ మాస్కును ఆటవస్తువుగా ఇచ్చి అలవాటు చేయండి. స్పేసర్‌ను సబ్బు నీటిలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టాలి. తుడిస్తే ప్లాస్టిక్‌లో స్థిర విద్యుత్తు పుట్టి మందును తనవైపు లాక్కుంటుంది.

అమ్మగారి విషయంలో పరిస్థితి కొంత భిన్నం. ఆమెది పొయ్యి పొగ వల్ల వచ్చిన దీర్ఘకాలిక శ్వాసనాళ వ్యాధి అయితే, ఊపిరి బలంగా లాగలేని రోజుల్లో నెబులైజర్ ఉపయోగపడుతుంది. స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్ష చేయించారో లేదో మీరు రాయలేదు. చేయించకపోతే బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాలలో గాని, మీరు ఎలాగూ వెళ్లే విశాఖలో గాని చేయించండి, ఎందుకంటే ఉబ్బసమా, పొగ జబ్బా, గుండె నీరసమా అన్నది తేలకుండా పరికరం ఎంచుకోవడంలో అర్థం లేదు.

నెబులైజర్లు మూడు రకాలు. కంప్రెసర్ రకం గాలిని బలంగా ఊది మందును తుంపర చేస్తుంది. మోత ఎక్కువ, గోడ ప్లగ్గు కావాలి, బరువు కూడా ఉంటుంది. అయితే ధర తక్కువ, దాదాపు అన్ని నెబులైజర్ మందులకూ పనికొస్తుంది, మొరటు వాడకానికీ తట్టుకుంటుంది. అల్ట్రాసోనిక్ రకం ప్రకంపనలతో పనిచేస్తూ మందును వేడెక్కిస్తుంది, శ్వాసనాళాల వాపు తగ్గించే బుడెసొనైడ్ వంటి, నీటిలో కరగకుండా తేలియాడే మందులకు పనికిరాదు, దాన్ని వదిలేయండి. మెష్ రకంలో కొన్ని మైక్రాన్ల రంధ్రాలున్న పలుచని జల్లెడ వేగంగా కంపిస్తూ మందును తుంపరగా నెడుతుంది. అరచేతిలో ఇముడుతుంది, మోత ఉండదు, బ్యాటరీతో గాని ఫోన్ ఛార్జర్‌తో గాని నడుస్తుంది, గిన్నెలో మిగిలిపోయే మందు చాలా తక్కువ. ధర మాత్రం కంప్రెసర్ కంటే రెట్టింపు, అంతకు మించి కూడా ఉంటుంది. మీరు వేపరైజర్‌లో వెతికిన సౌకర్యమంతా, అంటే జేబులో పట్టడం, రైల్లో వాడుకోవడం, కరెంటు అవసరం లేకపోవడం, ఈ మెష్ రకంలో ఉంది.

ఇంట్లోనే వాడేటట్లయితే నేను కంప్రెసర్‌నే చెబుతాను. మీకు ప్రయాణాలున్నాయి. దానికి తోడు మన ప్రాంతంలో తుఫాను భయం ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి, రోడ్లు తెగి, ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ప్లగ్గు మీద ఆధారపడిన నెబులైజర్ ఆ రోజుల్లో అలంకారమే. అందుకే మీకు మెష్ నెబులైజర్ సరైనదని నా అభిప్రాయం, అయితే రెండు జాగ్రత్తలతో. విడి బ్యాటరీలు వేసుకునే రకం దొరికితే అదే తీసుకోండి, లోపలే అతికించిన బ్యాటరీ రెండు మూడేళ్లకు నీరసించిపోతుంది. మెష్ ఎంత మంచిదైనా ఇన్‌హేలర్, స్పేసర్ జతను సంచిలో నుంచి తీయకండి, ఎందుకంటే పాడవడానికి ఆ జతలో ఏమీ లేదు.

కొనేటప్పుడు పెట్టె మీద తయారీ లేదా దిగుమతి లైసెన్స్ నంబరు ఉందో లేదో చూడండి; మన దేశంలో నెబులైజర్ వైద్య పరికరంగా నియంత్రణలో ఉన్న వస్తువు. తుంపర సగటు పరిమాణం 5 మైక్రాన్ల లోపు అని, నిమిషానికి 0.2 మిల్లీలీటరు అయినా మందు వెలువడుతుందని వివరాల్లో ఉండాలి. మెష్ బిళ్ల విడిగా దొరుకుతుందా, ఎంతకు దొరుకుతుంది అని ముందే అడగండి, అది అరిగే భాగం. బుడెసొనైడ్ వాడవచ్చని పుస్తకంలో రాసి ఉందో లేదో చూడండి. అమ్మగారికి మాస్కు బదులు నోట్లో పెట్టుకునే గొట్టం తీసుకోండి. ముక్కు వడపోతకు మందు పోకుండా ఉంటుంది, శ్వాసనాళాలను వదులు చేసే ఇప్రట్రోపియం కలిసిన మందు మాస్కు అంచుల నుంచి కళ్లలోకి చిమ్మి గ్లకోమా అనే కంటి జబ్బు ఉన్నవారికి కంటి ఒత్తిడి పెంచే ప్రమాదమూ తప్పుతుంది.

నెబులైజర్‌లో వైద్యుడు రాసిన రెస్ప్యూల్స్ (చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో వచ్చే ద్రవ మందు), అవసరమైతే 0.9 శాతం సెలైన్, అంతకు మించి ఏదీ పోయకూడదు. బోరు నీళ్లు, మరిగించిన నీళ్లు, చివరికి సీసాలో కొన్న నీళ్లు సైతం వద్దు. ఉప్పు లేని నీటి తుంపర శ్వాసనాళాలను బిగించేస్తుంది. తైలం సంగతి ఎలా ఉంటుందో కళ్లారా చూసినదాన్ని చెబుతాను. ఒక కుటుంబం పనిచేయడం లేదంటూ తెచ్చిన మెష్ నెబులైజర్‌ను విప్పి, జల్లెడ బిళ్లను కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టాను. మామూలుగా ఆ బిళ్ల గుండా వెలుతురు బూడిదరంగు తెరలా సమంగా వస్తుంది. దీనిలో నడిమి భాగమంతా పసుపు పచ్చని జిడ్డు మరకతో మూసుకుపోయి, అంచున ఒక వలయం మాత్రమే మెరుస్తోంది. మందుగిన్నె అడుగున ప్లాస్టిక్ మసకబారి వెంట్రుకల్లాంటి బీటలు పడ్డాయి. మూత తీయగానే నీలగిరి వాసన. జలుబుకు మంచిదని రోజూ రెండు చుక్కలు వేశారట. పరికరాన్ని మార్చుకోగలం, ఆ చుక్కలు అంతకుముందు పసిబిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయాయన్నదే అక్కడ నన్ను కలవరపెట్టింది.

వాడిన ప్రతిసారీ మందుగిన్నె, గొట్టం, మాస్కు గోరువెచ్చని సబ్బు నీటితో కడిగి, కాచి చల్లార్చిన నీటితో జాడించి, శుభ్రమైన గుడ్డ మీద ఆరబెట్టాలి. మెష్ బిళ్లను దూదిపుల్లతో, పిన్నుతో ముట్టకూడదు. తడి ఆరకుండా సంచిలో కుక్కిన నెబులైజర్ క్రిములకు నిలయమవుతుంది, మన వానాకాలపు తేమలో మరీ తొందరగా. బుడెసొనైడ్ వాడిన తరువాత అమ్మగారు నోరు పుక్కిలించి ఉమ్మాలి, బాబుకు మాస్కు ఆనిన చోట ముఖం తుడవాలి. లేకపోతే నోటిలో తెల్లని పూత, ముఖం మీద చర్మానికి మంట రావచ్చు.

మన సరిహద్దు ఊళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఆసుపత్రి చీటీ ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది, ఇంట్లో పెద్దవాళ్లకు చదవడం వచ్చింది తెలుగే. సాల్బుటమాల్, ఇప్రట్రోపియం, బుడెసొనైడ్ మూడూ ఒకేలా కనిపించే చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో వస్తాయి. మీరు ఇంట్లో లేనప్పుడు అమ్మగారే వేసుకోవలసి వస్తుంది గనుక, ప్రతి మందును దాని రేకు సంచిలోనే ఉంచి, పైన తెల్ల టేపు అంటించి, "ఆయాసం వచ్చినప్పుడు", "రోజూ పొద్దున, రాత్రి" అని పెద్ద తెలుగు అక్షరాలతో రాసి పెట్టండి. ఇన్‌హేలర్‌లో మోతాదుల అంకె సున్నాకు దగ్గరవుతుంటే కొత్తది తెచ్చుకోండి. నీళ్లలో వేసి తేలుతుందా అని చూసే పద్ధతి నమ్మదగినది కాదు. పొయ్యి దగ్గర కూర్చోవడం ఆగకపోతే మాత్రం ఈ మందులు సగమే పనిచేస్తాయి. అమ్మగారిని గ్యాసు మీదికి మార్చండి, కుదరకపోతే పొయ్యిని పెరట్లోకి మార్చండి.

పరికరం చేతిలో ఉందన్న ధైర్యంతో ఇంట్లోనే ఆగిపోకూడని సందర్భాలున్నాయి. బాబు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతుంటే, మాట పూర్తి చేయలేకపోతుంటే, పెదవులు నీలిరంగుకు తిరుగుతుంటే, మందు వేసిన పావుగంటకే మళ్లీ ఆయాసం వస్తుంటే 108కి ఫోన్ చేసి, బండి వచ్చే వరకు స్పేసర్‌తో వైద్యుడు ముందే చెప్పిన మోతాదులో సాల్బుటమాల్ ఇస్తూ ఉండండి. అమ్మగారిని తీసుకువెళ్లినప్పుడు ఆమెకు పొగ వల్ల వచ్చిన జబ్బు ఉందని అక్కడి సిబ్బందికి మొదటే చెప్పాలి, ఎందుకంటే అలాంటివారికి ప్రాణవాయువును కొలిచి, రక్తంలో 88 నుంచి 92 శాతం మధ్య నిలిచేలా ఇస్తారు, మితిమీరి ఇస్తే ఊపిరి మందగిస్తుంది. స్పేసర్ కొన్న రోజునే దాన్ని తీసుకుని మీ వైద్యుడి దగ్గరికో, ఆసుపత్రి నర్సు దగ్గరికో వెళ్లి, వారి ఎదుట బాబుకు ఒకసారి, అమ్మగారికి ఒకసారి మీ చేతులతోనే వేసి చూపించండి.